బావి అడుగున కాంక్రీటు పోస్తే నీళ్లు ఎటు పోవాలి? బెంగళూరు నీటి అధికారులకు బహిరంగ లేఖ

బెంగళూరు నగరంలో నీటి సరఫరా, వాననీటి పనులు చూసే అధికారులకు, ఇంజనీర్లకు, టెండర్లు తయారుచేసే విభాగాలకు, ఆ పనులు జరిగిన వీధుల్లో కాపురముంటున్న నగర ప్రజలకు,

నమస్కారం.

వాననీటిని నేలలోకి ఇంకించే ఇంకుడు బావుల పనుల్లో జరుగుతున్న తప్పుల మీద ఇప్పటికి రెండుసార్లు అర్జీ ఇచ్చుకున్నాం. అందినట్టు కాపీ మీద ముద్ర పడింది గానీ జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం. ఎవరినో బోనులో నిలబెట్టాలని కాదు. వచ్చే వానలలోపు దిద్దుకోగలిగిన తప్పులే ఇవన్నీ. దిద్దడానికి పెద్దగా డబ్బు కూడా అక్కర్లేదు.

ఈ ఊరికి పెద్ద ఏరు లేదన్న సంగతి మీకు తెలియనిది కాదు. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, గట్టు మీద కూర్చున్న ఊరు ఇది. గట్టుకు పడమర పడిన చినుకు అర్కావతి వైపు, తూర్పున పడింది దక్షిణ పినాకిని వైపు జారిపోతుంది. అలా జారిపోయే నీళ్లను పట్టుకోవడానికే పూర్వం చెరువు మీద చెరువు కట్టారు, చెరువు కింద బావులు తవ్వుకున్నారు. 1890ల్లో హెసరఘట్ట చెరువు నుంచి కొళాయి నీళ్లు రావడం మొదలయ్యాక బావి గొప్పతనం తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు తాగే నీళ్లు ఎక్కువగా కావేరివి. సుమారు 100 కిలోమీటర్ల నుంచి, 300 మీటర్లకు పైగా ఎత్తుకు పంపులతో తోడి తెస్తున్నారు. 2024 అక్టోబరులో కావేరి పథకం ఐదో దశ మొదలయ్యాక రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు వచ్చే ఏర్పాటు జరిగింది. మంచిదే. కానీ అదే ఏడాది మార్చిలో ఏం జరిగిందో ఎవరూ మరిచిపోలేదు. నగరంలో దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లుంటే 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. ట్యాంకర్ల రేట్లు జిల్లా యంత్రాంగం నిర్ణయించాల్సి వచ్చింది. 5 కిలోమీటర్ల లోపు అయితే 6,000 లీటర్లకు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000 రూపాయలు.

ఇక వాన సంగతి. ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్లు. 30×40 అడుగుల సైటులో వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పడే నీళ్లలో, ఆవిరికీ చిందుడుకూ పోగా, ఏడాదికి 75 వేల లీటర్ల దాకా పట్టుకోవచ్చు. అంటే పన్నెండు చిన్న ట్యాంకర్లు. 2009లో తెచ్చిన నిబంధన ప్రకారం అప్పటికే ఉన్న ఇళ్లలో 60×40, ఆ పైన ఉన్న సైట్లకు, కొత్త ఇళ్లయితే 30×40, ఆ పైన సైట్లకు వాననీటి ఏర్పాటు తప్పనిసరి. పెట్టుకోని వాళ్లకు నీళ్ల బిల్లుతో పాటు జరిమానా వస్తోంది. పార్కుల్లో, రోడ్ల పక్కన, ప్రభుత్వ ఆవరణల్లో కూడా ఇంకుడు బావులు వెలిశాయి. కాగితం మీద సంఖ్య బాగానే పెరిగింది. ఆ బావుల్లోకి దిగి చూసేవాళ్లం కాబట్టి లోపల ఏముందో చెప్పగలం.

1. అడుగున కాంక్రీటు. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. కొన్నిచోట్ల బావి తవ్వి, అడుగున నాలుగంగుళాల బెడ్డు పోసి, రింగుకూ రింగుకూ మధ్య సిమెంటు పూసి, చూడముచ్చటగా నున్నగా చేసి వెళ్తున్నారు. (రింగులంటే మన పెద్దవాళ్లు ఒరలు అనేవే.) ఇలా ఎందుకు జరుగుతోందంటే, సంపు కట్టే మేస్త్రీకే ఈ పని కూడా అప్పగిస్తున్నారు. సంపులో నీళ్లు కారిపోతే తప్పు, ఇంకుడు బావిలో కారిపోకపోతే తప్పు. ఆ తేడా డ్రాయింగులో ఎక్కడా రాసి ఉండదు. 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు బావి పట్టేది 4,000 లీటర్లు. అడుగు మూసేస్తే ఆగస్టులో ఒక్క గట్టి వానకే నిండి, మిగతా వానంతా రోడ్డు మీదికి పొర్లుతుంది. లోపల నిలిచిన నీళ్లలో దోమలు గుడ్లు పెడతాయి. డెంగీ కేసులొస్తే పూలకుండీల కింద పళ్లేలు వెతుకుతారు గానీ ఈ బావి మూత ఎత్తి చూసేవాళ్లు లేరు.

సరైన పద్ధతి ఇది. బావిని 4 అడుగుల వెడల్పున తవ్వాలి. 3 అడుగుల ఒరలు దించాలి. ఒరలకు చుట్టూ అంగుళం బెజ్జాలు ఉండాలి. ఒకదాని మీద ఒకటి ఊరికే కూర్చోబెట్టాలి, మధ్యలో సిమెంటు పూయకూడదు. అడుగున మట్టి మట్టిగానే ఉండాలి, దాని మీద అడుగు మందాన 40 మి.మీ. జల్లి (కంకర) గానీ అరచేయంత రాళ్లు గానీ పరవాలి. ఒరకూ మట్టిగోడకూ మధ్య మిగిలిన ఆరంగుళాల సందులో 20 మి.మీ. జల్లి పోస్తూ రావాలి. పైన చివరి రెండడుగుల సందులో మాత్రం జల్లి ఆపి బంకమన్ను దట్టించాలి, పై రెండు ఒరల అతుకులే సిమెంటుతో మూయాలి. లేకపోతే వీధిలో పారే మురికి ఒర పక్కనుంచే లోపలికి దిగుతుంది. బావి మొత్తానికి సిమెంటు పని ఆ రెండు అతుకులూ, పై మూతా, అంతే. సిమెంటు బస్తాలు ఎక్కువ పడితే పని గట్టిగా చేశారని బిల్లు పాసయ్యే అలవాటు ఈ ఒక్క పనిలోనైనా మానాలి.

మా కోరిక: నగరమంతటికీ వర్తించే నమూనా డ్రాయింగులో "అడుగున కాంక్రీటు వేయరాదు, పై రెండు తప్ప ఒరల అతుకులు మూయరాదు" అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇప్పటికే అడుగు పోసిన బావుల్లో బెడ్డు పగలగొట్టించాలి. గడ్డపారతో ఇద్దరు మనుషులకు ఒక పూట పని.

2. నింపేసిన బావి. ఇది రెండో రకం తప్పు. ఇళ్లలో, అపార్టుమెంట్లలో ఎక్కువ. బావి తవ్వి, కింద నుంచి పైదాకా జల్లి, ఇసుక, బొగ్గు పొరలు పొరలుగా నింపేస్తారు. చూస్తే శాస్త్రీయంగానే కనిపిస్తుంది, ఫిల్టరు అని పేరు కూడా పెడతారు. లెక్కేస్తే మాత్రం, జల్లి నింపిన బావిలో నీటికి మిగిలే ఖాళీ మూడో వంతు. నాలుగు వేల లీటర్ల బావి 1,300 లీటర్ల బావి అవుతుంది. ఇంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి మెత్తటి ఒండ్రు ఇసుకలోకి దిగి అట్టకడుతుంది. దాన్ని శుభ్రం చేయాలంటే బావిని మళ్లీ తవ్వినంత పని. ఎవరూ చేయరు.

ఫిల్టరు ఉండాల్సింది బావి బయట. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల చిన్న తొట్టి చాలు. నీళ్లు ముందు అందులో పడి, మట్టి కిందికి దిగాక, పైనున్న తేటనీరు మాత్రమే గొట్టం గుండా బావిలోకి పోవాలి. గొట్టం మూతి తొట్టి అడుగు నుంచి కనీసం అడుగున్నర ఎత్తులో ఉండాలి. మిద్దె నీళ్లయితే మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వానను, అంటే వెయ్యి చదరపు అడుగులకు వంద నుంచి రెండు వందల లీటర్లను, పక్కకు వదిలేయాలి. మిద్దె మీద ఆరునెలల దుమ్ము, పావురాల రెట్ట అందులోనే కొట్టుకుపోతుంది.

ఆకు జల్లెడ విషయంలో ఒక మాట. మన వీధుల్లో కానుగ చెట్లు ఎక్కువ. వేసవిలో ఆ పూలు రాలి పేవ్‌మెంటు మీద వడ్లు ఆరబోసినట్టు పరుచుకుంటాయి. ఆ మీదట వచ్చే తొలి వానకు మొత్తం కొట్టుకొచ్చి జల్లెడకు అంటుకుంటాయి. సన్న కన్నుల మెష్ పెట్టినచోట పావుగంటలో తడిసిన గోనెపట్టా కప్పినట్టు అయిపోతుంది, ఇక చుక్క దిగదు. అర అంగుళం కన్నుల జల్లెడ, నిలువుగా కాకుండా ఏటవాలుగా పెడితే, పూలు జారి ఒక పక్కన పోగుపడతాయి. చీపురుతో ఊడ్చేస్తే సరిపోతుంది.

3. లోతు మట్టి చెప్పాలి, కాగితం కాదు. టెండరులో "20 అడుగులు" అని ఉంటే వైట్‌ఫీల్డులోనూ ఇరవయ్యే, జయనగరంలోనూ ఇరవయ్యే. కొన్నిచోట్ల పదే రాస్తున్నారు. నేల అలా ఒప్పందాలు చదువుకుని ఉండదు. ఈ ఊళ్లో సాధారణంగా పైన ఎర్రమట్టి ఉంటుంది, అందులో బంక పాలు ఎక్కువ. దాని కింద రవ్వరవ్వగా ఉండే గరుసు. ఆ కింద పొడి పొడిగా రాలే, తెల్లగా సుద్దలా ఉండే మెత్తరాయి. అన్నిటికీ కింద బండ. నీళ్లు తాగేది గరుసూ మెత్తరాయీ. ఎర్ర బంకమట్టిలోనే ఆగిన బావి, ఎంత అందంగా ఒరలు దించినా, కుండలో నీళ్లు పోసినట్టే. గరుసు ఒకచోట 12 అడుగులకు తగులుతుంది, అరమైలు అవతల 25 దాటినా తగలదు.

తవ్వేవాడికి ఇది తెలుస్తుంది. గడ్డపార దిగే చప్పుడు మారుతుంది. బంకలో పోటు మెత్తగా పడి పార అంటుకుపోతుంది, గరుసులో కరకరమంటుంది. అనుమానముంటే పిడికెడు మట్టి తడిపి అరచేతుల మధ్య పేనాలి. మురుకు పిండిలా తాడు సాగితే ఇంకా బంకలోనే ఉన్నట్టు. తాడు సాగకుండా తునిగిపోయి చేతికి రవ్వలు గుచ్చుకుంటే గరుసు వచ్చినట్టు. గరుసు తగిలాక కనీసం మరో నిలువు, అంటే ఆరడుగులు దిగాలి. ఈ పరీక్షకు ల్యాబు అక్కర్లేదు, రెండు నిమిషాలు, చెంబుడు నీళ్లు చాలు. ఈ విద్యను మీ ఇంజనీరు పక్కన నిలబడి చూసి రిజిస్టరులో రాసుకుంటే రెండేళ్లలో నగరమంతటికీ మట్టి పటం తయారవుతుంది. పైసా ఖర్చు లేని సర్వే అది.

ఇంకో సంగతి. చెరువుల కింది పల్లపు నేలల్లో వానాకాలంలో అయిదారు అడుగులకే నీళ్లు ఉంటాయి. అక్కడ ఇంకుడు బావి తవ్వడం నిండు కుండలో నీళ్లు పోయడమే. అయినా తవ్వుతున్నారు, ఎందుకంటే తనిఖీకి వచ్చినప్పుడు బావి నిండుగా కనిపిస్తుంది, "పనిచేస్తోంది" అని రాసి పోవచ్చు. ఇంకుడు బావి పనిచేస్తే వాన వెలిసిన మర్నాటికి ఖాళీ కావాలి. నిండుగా ఉందంటే అది ఊటబావి అయినా అయి ఉండాలి, పూడిపోయి అయినా ఉండాలి. మెరకన ఇంకించండి, పల్లాన తోడుకోండి.

మా కోరిక: బావికి ఇంత అని కాక అడుగుకు ఇంత అని కూలి కట్టాలి. ఎంత లోతుకు ఆపాలన్నది తవ్వేవాడూ ఇంజనీరూ కలిసి, అడుగు మట్టి చూసి నిర్ణయించి ఇద్దరూ సంతకం పెట్టాలి. దొంగ లెక్కలు పట్టుకోవడానికి సులువు కూడా చెబుతాం. 4 అడుగుల వెడల్పున 20 అడుగులు తవ్వితే 250 ఘనపుటడుగుల మట్టి వస్తుంది, పొంగిన లెక్కకు 300 దాటుతుంది. మూడు ట్రాక్టర్లు. తరలించిన మట్టి ఒక ట్రాక్టరే అయితే అది 20 అడుగుల బావి కాదు. మట్టి తరలింపు బిల్లూ బావి బిల్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

4. మురుగు. వాననీటి కాలువల్లో, వాటి పక్కన బావులు తవ్వేముందు ఒక్క పని చేయండి. వాన లేని రోజు, మధ్యాహ్నం మూడింటికి వెళ్లి ఆ కాలువ చూడండి. పారుతూ ఉంటే అది వాననీరు కాదు. ఎవరి ఇంటి స్నానాల గదో, ఏ హోటలు వంటగదో అందులో కలిసింది. అలాంటిచోట బావి తవ్వితే ఇంకేది మురుగే. 15, 20 అడుగుల లోతున ఆ మురుగు కలిసిన నీళ్లే వీధి చివర చేదబావిలోకీ, కేసింగు సరిగా లేని బోర్లలోకీ వస్తాయి. కావేరి కనెక్షన్ లేని కాలనీల్లో ఆ బోరు నీళ్లతోనే బియ్యం కడుగుతారు, పిల్లలకు నోరు పుక్కిలించమంటారు. నేల కింద చేరిన మురుగును మళ్లీ బయటికి తీసే యంత్రం ఎవరి దగ్గరా లేదు.

కాబట్టి మరుగుదొడ్డి గుంతకు, సెప్టిక్ ట్యాంకుకు కనీసం 50 అడుగుల దూరం. ఇంటి పునాదికి 10 అడుగులు. ఫ్యాక్టరీ, గ్యారేజి, పెట్రోలు బంకు ఆవరణ నీళ్లు అసలొద్దు. వడపోత లేకుండా మిద్దె నీళ్లను నేరుగా బోరు కేసింగులోకి వదలడం కూడా ఆపించండి. పై నేల అయితే కొంతైనా వడకడుతుంది. వెయ్యి అడుగుల బోరులోకి నేరుగా దించితే వడకట్టేందుకు మధ్యలో ఏమీ ఉండదు.

5. బావిలోకి దిగేవాళ్ల ప్రాణం. నాలుగో అంశానికీ దీనికీ నేరుగా ముడి ఉంది. మురుగు చేరిన బావి పేరుకే బావి, లోపల సెప్టిక్ ట్యాంకే. పూడిక కదిపిన క్షణంలో విషవాయువు లేస్తుంది. 2013 చట్టం రక్షణ లేకుండా మనిషిని మురుగు ట్యాంకులోకి దించడాన్ని నిషేధించింది. కానీ రికార్డులో "ఇంకుడు బావి" అని ఉంటే ఆ చట్టం గుర్తుకు రాదు, మామూలు కూలీనే దించేస్తారు.

పాతకాలంలో దీపం దించి చూసేవాళ్లు, ఆరిపోతే దిగేవాళ్లు కాదు. వేపమండలు కట్టగా కట్టి మోకుతో పైకీ కిందికీ ఆడించి గాలి కదిలించేవాళ్లు. ఊపిరాడని గాలిని కనిపెట్టడానికి దీపం పనికొస్తుంది గానీ మురుగు వాయువును పసిగట్టలేదు. మండే వాయువు ఉంటే దీపమే ప్రమాదం. పాత పద్ధతులన్నీ గొప్పవని మేము అనడం లేదు, దీన్ని వదిలేయాల్సిందే. నాలుగు వాయువులు కొలిచే చేతి మీటరు ప్రతి పనిచోట ఉండాలి. దిగేముందూ, దిగాక ప్రతి అరగంటకూ చూడాలి. ముక్కాలి స్టాండు, నడుముకు బెల్టు, పైన ఇద్దరు మనుషులు. పెట్రోలు, డీజిలు పంపును బావిలోకి దించకూడదు. దాని పొగ లోపలే నిలిచి నిమిషాల్లో స్పృహ పోతుంది. లోపల పడ్డవాడి కోసం ఇంకొకడు వట్టి చేతులతో దిగకూడదు. ఒకటి కావలసిన చావు మూడు అయ్యేది అక్కడే. ఈ ఏర్పాట్ల ఖర్చు టెండరులో వేరే లైనుగా ఉండాలి. "కాంట్రాక్టరు చూసుకోవాలి" అని రాస్తే ఎవరూ చూడరు.

6. పూడిక తీతకు పద్దు లేదు. బావి తవ్వడానికి డబ్బుంది, మర్నాటి నుంచి అది అనాథ. ఇంకుడు బావిని చంపేది పెద్ద చెత్త కాదు. అడుగున పేరుకునే అర అంగుళం బంక పొర. పాల మీద మీగడలా పరుచుకుని, కింద ఎంత మంచి గరుసున్నా నీటిని దిగనివ్వదు. రోహిణి కార్తె లోపల ఒకసారి తొట్టి, జల్లెడ, బావి అడుగు శుభ్రం చేయాలి. వానలు మొదలైన నెలలో గట్టి వాన పడిన ప్రతిసారీ తొట్టి తీయాలి. ఈ ఊరికి సెప్టెంబరు, అక్టోబరు వానలే పెద్దవి కనుక ఆగస్టు చివర ఇంకోసారి చూసుకోవాలి. అడుగున పరిచిన రాళ్లు రెండేళ్లకోసారి పైకి తీసి కడిగి మళ్లీ వేయాలి.

బావి బతికి ఉందో లేదో తెలుసుకునే లెక్క చాలా తేలిక. 3 అడుగుల బావిలో ఒక్కో అడుగు నీటికి 200 లీటర్లు. వాన వెలిసాక తాడుకు రాయి కట్టి దించి, తడి ఎక్కడిదాకా ఉందో చూడాలి. గంట తర్వాత మళ్లీ చూడాలి. మూడడుగులు దిగితే 600 లీటర్లు నేల తాగినట్టు. అడుగు కూడా దిగకపోతే పూడిందనో, బంకలో ఆగిందనో అర్థం.

మా కోరిక: తవ్విన వాళ్లకే అయిదేళ్ల నిర్వహణ ఇవ్వాలి. బిల్లులో నాలుగో వంతు ఆపి, తొలి వానాకాలం అయ్యాక ఈ పరీక్ష చేసి విడుదల చేయాలి. ప్రతి బావి మూత మీద నంబరు, లోతు, తవ్విన నెల, చివరిసారి పూడిక తీసిన తేదీ ఉండాలి. మూత కూడా బరువుకు తట్టుకునేదై తాళం పడేలా ఉండాలి. ఇనుప జాలీలు దొంగలపాలై పిల్లలు తిరిగే పార్కుల్లో నోళ్లు తెరుచుకున్న బావులున్నాయి. దీనికి వేరే అర్జీ కూడా అడగకండి దయచేసి.

7. పాత బావులు. 15 అడుగుల వెడల్పు రాతి బావిలో ఒక్కో అడుగుకు 5,000 లీటర్లు పడతాయి. ముప్పై అడుగులంటే లక్షన్నర లీటర్లు. అంటే మనం ఇప్పుడు డబ్బు పోసి తవ్విస్తున్న చిన్న బావులు ముప్పయ్యేడు పెడితే గానీ దానికి సాటి రావు. అలాంటి బావిని కూల్చిన ఇంటి చెత్తతో పూడ్చి, పక్కనే కొత్తగా 3 అడుగుల బావి తవ్వి, బోర్డు పెట్టి ఫోటో దిగితే ఏమనాలి? కబ్బన్ పార్కులో పాత బావుల పూడిక తీస్తే నీళ్లు మళ్లీ కనబడిన సంగతి నగరమంతా చూసింది. పార్కులో సాధ్యమైంది గుడి ఆవరణల్లో, బడుల్లో, పాత పల్లెలు కలిసిపోయిన వార్డుల్లో ఎందుకు సాధ్యం కాదు?

పనిచేసేవాళ్లకు రెండు జాగ్రత్తలు. పాత రాతి గోడల్లో చాలావాటికి సున్నం, సిమెంటు ఉండవు. లోపలి నీళ్లే గోడను లోపలి నుంచి ఆనుకుని నిలబెడతాయి. పెద్ద మోటారు పెట్టి ఒక్కరోజులో తోడేస్తే వెనకనున్న తడి మట్టి తోసి గోడ లోపలికి కూలుతుంది. రోజుకు మూడు నాలుగు అడుగుల చొప్పున, గోడ చూసుకుంటూ దించాలి. రాళ్ల సందుల్లో మొలిచిన రావి మొక్కను పీకకూడదు, రాయి ఊడొస్తుంది. మొదలంటా కోసి వదలాలి, మళ్లీ చిగిరిస్తే మళ్లీ కోయాలి.

మా కోరిక: వార్డువారీగా పాత బావుల జాబితా తయారుచేయాలి. ఇంటి ప్లాను మంజూరుకు వచ్చినప్పుడు ఆ స్థలంలో బావి ఉందా లేదా అన్న గడి ఒకటి పెట్టాలి. ఉంటే పూడ్చడానికి అనుమతి ఇవ్వకూడదు.

8. ఎవరు తవ్వాలి? బెంగళూరు చుట్టుపక్కల తరతరాలుగా బావులు తవ్వుతున్నది మన్ను వడ్డర్లు. ఇక్కడి కులాల జాబితాల్లో బోవి అని ఉంటుంది. చాలా ఇళ్లలో మాట తెలుగే. సర్జాపుర రోడ్డు వైపు వాళ్ల పల్లెలున్నాయి. గడ్డపార, పార, తట్ట, మోకు, గిలక, ఇదీ వాళ్ల సరంజామా. ముగ్గురు నలుగురు కలిసి రెండు మూడు రోజుల్లో 20 అడుగుల బావి పూర్తి చేస్తారు. మెత్తటి నేలలో గోడ జారకుండా, ముందు ఒరను నేలమీద పెట్టి, దాని కిందే తవ్వుతూ ఒరను దించుకుంటూ పోయే నేర్పు వాళ్లది. జేసీబీ తొండం ఇరవై అడుగులు నిలువుగా, ఇంత ఇరుకుగా దిగదు. అది తవ్వితే పదిహేను అడుగుల వెడల్పు గొయ్యి అవుతుంది, పూడ్చిన మట్టి అయిదేళ్లపాటు కుంగుతూనే ఉంటుంది.

అయినా టెండరు వాళ్ల దాకా రాదు. ధరావతు, జీఎస్టీ నంబరు, మూడేళ్ల టర్నోవరు అడుగుతారు. పని పెద్ద కాంట్రాక్టరుకు పోయి, అక్కడి నుంచి ఇంకొకరికి, ఆ ఇంకొకరి నుంచి వీళ్లకు చేరేసరికి రేటు సగమవుతుంది. సగం రేటుకు సగం లోతే వస్తుంది. డ్రాయింగు ఇంగ్లీషులో ఉంటుంది, బావిలో మాట తెలుగులో. మధ్యలో ఉన్న సూపర్‌వైజరుకు రెండూ సగం సగమే వస్తాయి. అడుగున కాంక్రీటు పడింది ఎందుకో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

పదేసి బావుల చిన్న పనులుగా విడగొట్టండి. ధరావతు తీసేయండి. ఒక బావి తవ్వించి చూసి నైపుణ్య కార్డు ఇవ్వండి, అదే అర్హత. బీమా కట్టండి. పని అయిన పదిహేను రోజుల్లో ఖాతాలో డబ్బు వేయండి. నమూనాను కన్నడలో, తెలుగులో, తమిళంలో ఒకే పేజీలో బొమ్మతో అచ్చువేసి ప్రతి పనిచోటా అంటించండి.

9. చెరువుల గురించి, రాజకాలువల (పెద్ద వాననీటి కాలువల) గురించి ఈ లేఖలో ఎత్తడం లేదు. అది ఇంకో లేఖకు సరిపడా ఉంది.

గడువు కూడా చెప్పుకుంటాం. బావి తవ్వడానికి మంచి కాలం మార్చి నుంచి మే. అప్పుడు నేలనీరు అట్టడుగున ఉంటుంది, కావలసిన లోతుకు దిగవచ్చు, గోడలు జారవు. టెండర్లు జూన్‌లో తెరిచి జూలై వానల్లో తవ్వమంటే ఆరడుగులకే బురద. కాబట్టి నమూనా డ్రాయింగు, రేట్ల పట్టిక ఫిబ్రవరి ఆఖరుకు మారాలి. పనులు మార్చి రెండో వారంలో మొదలు కావాలి.

మా మాట నమ్మకపోయినా ఫరవాలేదు, పరీక్ష పెట్టండి. మీ రికార్డులో "పనిచేస్తున్నవి" అని ఉన్న బావుల్లో మీకు నచ్చిన అయిదు ఎంచుకోండి. టేపు, తాడు, రాయి, గ్యాసు మీటరు మేము తెస్తాం. 12,000 లీటర్ల ట్యాంకరు ఒకటి మీరు తెప్పించండి, కావేరి నీళ్లు వద్దు, బోరు నీళ్లే చాలు. ఒక్కో బావిలో ముందు వెయ్యి లీటర్లు పోద్దాం. అంటే అయిదడుగుల నీళ్లు. ఎండిన మట్టి మొదటిసారి గబగబా తాగేస్తుంది కనుక అది లెక్కలోకి రాదు. అవి ఇంకాక ఇంకో వెయ్యి పోసి, గంటకు ఎన్ని అడుగులు దిగిందో మీ ఇంజనీరే రాసుకోవాలి. పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు తేలిపోతుంది. ఏ శనివారమో తేదీ చెప్పండి.

ఇట్లు,
బావి తవ్వకం పనివాళ్లు, ఒరల మేస్త్రీలు, వాననీటి పనులు చేసేవాళ్లం
బెంగళూరు